రాదని ఒప్పుకుని వచ్చినవాడి కోసం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు చేసిన పనుల్లో మన బడికి పనికొచ్చేది ఏదైనా ఒకటి చెప్పు" అన్నారు. నేను 30 ఏళ్లకు పైగా చిప్‌ల డిజైన్‌లో పనిచేస్తున్నాను. దాని గురించి మొదలుపెడితే భోజనాల వేళకి మీలో సగం మంది కునుకు తీస్తారు. అందుకని నాకు జీతం ఇవ్వని పని ఒకటుంది, దాని గురించి చెబుతాను. మా వృత్తి సదస్సుల్లో ట్యుటోరియల్స్ ఏర్పాటు చేసే పని. కొన్నేళ్లు చేశాను. మొదట బాగా పాడుచేశాను, తర్వాత కొంత బాగుచేశాను.

ఆ బాధ్యత నాకిచ్చిన రోజు ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పాను: "అమ్మా, పెద్ద సదస్సులో ట్యుటోరియల్స్ అన్నీ నేనే చూసుకోవాలట." అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత అంది: "ఏరా, ఇంత చదివీ ట్యుటోరియల్ పెడుతున్నావా? అక్కడ కూడా తప్పినవాళ్లున్నారా?"

మీరంతా నవ్వారు, ఎందుకో మీకు తెలుసు. మా రోజుల్లో పది తప్పినవాడు, ఇంటర్ తప్పినవాడు బస్సెక్కి బెజవాడ వెళ్లి చేరేదే ట్యుటోరియల్. "ఫలానా వాళ్లబ్బాయి ట్యుటోరియల్‌లో ఉన్నాడు" అంటే ఆ మాట గొంతు తగ్గించి చెప్పేవాళ్లు. నేనూ ఆ రోజు నవ్వాను. అమ్మ మాటలో ఎంత నిజముందో తెలియడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

ముందు మా సదస్సులంటే ఏమిటో కొంచెం చెప్పాలి. ఒకే వృత్తివాళ్లు ఏడాదికోసారి ఒకచోట చేరతారు. కొత్తగా కనిపెట్టినవాళ్లు వచ్చి పత్రాలు చదువుతారు. మా చిప్‌ల వాళ్లకి మన దేశంలో అలాంటిది వి.ఎల్.ఎస్.ఐ. డిజైన్ అంతర్జాతీయ సదస్సు. 1985లో విశ్వాని అగ్రవాల్ గారు, మరికొందరు కలిసి మొదలుపెట్టారు. నేను ఈ ఊళ్లో పదో తరగతి పరీక్ష రాసిన ఏడాది అది. 2006లో, 2012లో, మళ్లీ 2023లో హైదరాబాదులోనే జరిగింది. వేరే రంగాలవీ అక్కడికి వచ్చాయి. 2011లో వరల్డ్ వైడ్ వెబ్ సదస్సు, 2018 సెప్టెంబరులో మాటను యంత్రానికి నేర్పేవాళ్ల ఇంటర్‌స్పీచ్ జరిగాయి. 2014లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ అంతర్జాతీయ సదస్సు మే 31న మొదలై జూన్ 7 దాకా నడిచింది. ఆ మధ్యలోనే, జూన్ 2న, తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. వచ్చిన విదేశీయులు ఒక రాష్ట్రంలో దిగి, ఇంకో రాష్ట్రం నుంచి విమానం ఎక్కారు.

ఇలాంటి సదస్సుల్లో అసలు సభలతో పాటు ట్యుటోరియల్స్ ఉంటాయి. చాలావరకు సభలకు ముందు రోజుల్లోనే పెడతారు. ఒక్కోటి మూడు గంటలు, లేదా రోజంతా. వేరే ఫీజు. పత్రం చదివేవాడు "నాకు ఇది తెలుసు" అని చెప్పడానికి వస్తాడు. ట్యుటోరియల్‌కి వచ్చేవాడు "నాకు ఇది తెలియదు" అని ఒప్పుకుని, డబ్బు కట్టి మరీ వస్తాడు. సదస్సు మొత్తంలో అలా ఒప్పుకుని కూర్చునే చోటు అదొక్కటే. అమ్మ అడిగింది అందుకే సరైన ప్రశ్న. అక్కడ కూడా తప్పినవాళ్లున్నారు. వాళ్ల కోసమే ఆ గది.

ఆ గదికి ఎంత బలముందో మా రంగం చరిత్రలోనే ఉంది. 1978లో లిన్ కాన్వే అనే ఇంజనీరు అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఒక కోర్సు చెప్పారు. అప్పటిదాకా చిప్ గీయడమంటే కొద్ది కంపెనీల లోపలి విద్య. ఆమె సగం కాలం పాఠం చెప్పి, మిగతా సగంలో ప్రతి విద్యార్థి చేతా సొంత డిజైన్ గీయించారు. అవన్నీ కలిపి తయారుచేయించి, కోర్సు ముగిసిన కొద్ది వారాలకే చిప్‌లు వాళ్లకు అందేలా చూశారు. ఆమె రాసుకున్న పాఠాల నోట్సు చూసి వేరే అధ్యాపకులు తామూ చెప్పగలిగారు. మరుసటి ఏడాదికి 12 విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఒకేసారి తమ డిజైన్లు పంపించారు. కొద్దిమంది చేతుల్లో ఉన్న విద్య అలా లోకానికి వచ్చింది.

ఇప్పుడు నా కథ. నేను చెప్పబోయేది ఇందాక పేర్లు చెప్పిన సదస్సుల్లో జరిగింది కాదు. వేరే చోటు. పేరు అక్కర్లేదు, పొరపాటు నాది.

మొదటి ఏడాది నా ముందు 20 దాకా ప్రతిపాదనలున్నాయి. గదులు నాలుగు, రెండు పూటలు, అంటే ఎనిమిదింటికి చోటు. నేనేం చేశానంటే పేర్లు చూశాను. పేరు పెద్దదైతే గది నిండుతుంది, గది నిండితే ఫీజు వస్తుంది, ఫీజు వస్తే సంఘం సంతోషిస్తుంది. అన్నిటికంటే పెద్ద పేరున్నాయనకు ఉదయం పూట పెద్ద హాలిచ్చాను. మూడు గంటల పాఠానికి ఆయన 140 స్లైడ్లు తెచ్చారు. ఆ సంగతి నాకు ఆ రోజు ఉదయం దాకా తెలియదు. ఆ పూటంతా నేను బయట భోజనం కూపన్ల గొడవలో ఉన్నాను.

సాయంత్రం అభిప్రాయ పత్రాలు లెక్కపెట్టాం. అయిదుకి నాలుగు పైన సగటు వచ్చింది. ఒకరినొకరు అభినందించుకున్నాం. ఆ కట్టలో ఒక కాగితం మీద మార్కులేమీ వేసి లేవు. అందరూ ఇంగ్లీషులో రాస్తే, దాని మీద తెలుగులో మూడు ముక్కలు: "మొదటి అరగంట తర్వాత నాకేమీ అర్థం కాలేదు. తప్పు నాదేమో తెలియదు. సోమవారం ఈ పాఠమే నేను పిల్లలకు చెప్పాలి."

కింద పేరూ ఫోన్ నంబరూ ఉన్నాయి. మన వైపు ఒక ఇంజనీరింగ్ కళాశాలలో లెక్చరర్. రెండు రోజులు ఆలోచించి ఫోన్ చేశాను. ఆవిడ ముందు భయపడ్డారు, ఫిర్యాదు చేసినందుకు పిలిచాననుకుని. మెల్లగా చెప్పారు. ఫీజు సొంత డబ్బు. పాపని వాళ్లమ్మ దగ్గర వదిలి రాత్రి బస్సుకి వచ్చారు. "మధ్యలో అడగాల్సింది కదమ్మా" అన్నాను. "అడిగితే నాకు రాదని గదిలో అందరికీ తెలుస్తుంది కదండీ. నేను లెక్చరర్ని" అన్నారు.

ఇంకో మాట కూడా అన్నారు. "టీ తర్వాత సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి సార్. మీరు చూశారో లేదో." నేను చూడలేదు. వెళ్లిపోయినవాళ్లు అభిప్రాయ పత్రం నింపరు కదా. అర్థమైనవాళ్లు మాత్రమే మిగిలి మార్కులు వేస్తే, ఆ సగటు చూసి మేము సంబరపడ్డాం. పరీక్ష తప్పినవాళ్లని తీసేసి ఉత్తీర్ణత శాతం లెక్కగట్టినట్టు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వచ్చే ఏడాది ఈ పని వద్దని చెబుదామనుకున్నాను. మళ్లీ, పాడుచేసినవాడే బాగుచేయాలి కదా అనిపించింది. అప్పుడు ఏం మార్చానో వరసగా చెబుతాను. మీలో ఎవరు ఎక్కడ పాఠం పెట్టినా, శిక్షణ పెట్టినా పనికొస్తాయి.

మొదటిది, ప్రతిపాదన ఫారం మార్చాను. మీ పేరు, మీ పుస్తకాలు, మీ అవార్డులు అన్నీ రెండో పేజీకి పంపాను. మొదటి పేజీలో ఒకే ప్రశ్న: "ఉదయం చేయలేని ఏ పనిని మీ దగ్గర కూర్చున్నవాడు సాయంత్రానికి తన చేత్తో చేయగలుగుతాడు? ఒక్క వాక్యంలో రాయండి." "అవగాహన కలుగుతుంది", "పరిచయం అవుతుంది" అని రాసినవి తిప్పి పంపాను. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లకి కోపం వచ్చింది. ఒకాయన మళ్లీ మాతో మాట్లాడలేదు. సరుకు అమ్ముకోవడానికి పాఠం వేషంలో వచ్చిన కంపెనీల ప్రతిపాదనలు మాత్రం ఆ ఒక్క ప్రశ్నకే రాలిపోయాయి.

రెండోది, ఎవరు రావాలో ముందే చెప్పడం. ఇక్కడ మళ్లీ తప్పు చేశాను. ప్రకటనలోనే అయిదు ప్రశ్నలు పెట్టి, "ఇవి వస్తేనే రండి" అన్నాను. ఎవరికి పాఠం అవసరమో వాళ్లే భయపడి ఆగిపోయారు. మరుసటి ఏడాది ప్రశ్నలు తీసేసి, పది పేజీల నోట్సు ముందుగా ఇంటికి పంపాం. "ఇది చదివి రండి, చాలు" అన్నాం. రెండూ చేసే పని ఒకటే, గుమ్మంలో నిలబెట్టే తీరు వేరు.

మూడోది, సమయం. మూడు గంటల్లో టీకి ముందు గంటన్నర, తర్వాత గంటన్నర. టీకి ముందే వచ్చినవాడు ఏదో ఒకటి చేత్తో చేసి తీరాలని నియమం పెట్టాం. చేసినవాడు టీ తర్వాత తిరిగి వస్తాడు. నెల ముందే పాఠం చెప్పేవారితో ఫోన్‌లో కూర్చుని స్లైడ్లు తగ్గించాం. చెప్పేవాడికి తన పాఠంలో ఏ ముక్కా అనవసరంగా కనపడదు. పక్కనుంచి ఇంకొకడు తీయాల్సిందే.

నాలుగోది, ఆ లెక్చరర్ గారు చెప్పిన బాధకి మందు. ప్రతి బల్ల మీదా రెండు రంగుల చీటీలు పెట్టాం. పని సాగుతుంటే పచ్చచీటీ నిలబెట్టాలి, ఆగిపోతే ఎర్రచీటీ. చెయ్యెత్తక్కర్లేదు, నోరు విప్పక్కర్లేదు. డజను మందికి ఒక కుర్రవాడిని సహాయకుడిగా పెట్టాం. వాడి పని ఎర్రచీటీ దగ్గరికి వెళ్లి పక్కన కూర్చోవడం. గదిలో ఎర్రచీటీలు ఎక్కువైతే చెప్పేవాడే ఆగాలి. ఈ పద్ధతి మేము కనిపెట్టింది కాదు, ప్రోగ్రామింగ్ నేర్పేవాళ్ల దగ్గర చూసి తెచ్చుకున్నాం. మొదటి రోజు ఒక పెద్దాయన ముందు అరగంటలోనే ఎర్రచీటీలతో గది నిండిపోయింది. ఆయన కాసేపు చూసి, "నేను ఇన్నేళ్లుగా ఇలాగే చెబుతున్నాను, ఇదంతా అప్పుడూ ఉందన్నమాట" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

అయిదోది, పనిముట్లు. చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ లైసెన్సులు చాలా ఖరీదు. సదస్సు రోజు వాడినవి సోమవారం కళాశాలలో ఉండవు. ఉచితంగా దొరికే పనిముట్ల మీదనే అభ్యాసాలు పెట్టమని పట్టుబట్టాం. 2020లో గూగుల్, స్కైవాటర్ అనే చిప్ తయారీ కంపెనీ కలిసి 130 నానోమీటర్ల తయారీ వివరాలను అందరికీ తెరిచాక మా పని తేలికైంది. మామూలు ల్యాప్‌టాప్ మీద, పైసా లైసెన్సు లేకుండా, నిజంగా తయారుచేయించగల డిజైన్ గీయవచ్చు. ఒకసారి 40 మంది ఒక్కసారిగా డౌన్‌లోడ్ మొదలుపెడితే హోటల్ ఇంటర్నెట్ కూలబడి గంట పోయింది. అప్పటినుంచి అన్నీ పెన్‌డ్రైవ్‌లలో ముందే ఎక్కించి పెట్టుకున్నాం.

ఆరోది మాత్రం నాకు ఏ ఇంజనీరూ నేర్పలేదు. మన ఊరి మామిడి తోటలో నేర్చుకున్నాను.

చిన్నప్పుడు మా తోటకి అంటు కట్టడానికి ఒక పెద్దాయన వచ్చేవాడు. మేము తాతా అనేవాళ్లం. టెంకె మొక్క కుండీని చిన్న రసం చెట్టు కొమ్మ పక్కకి ఎత్తి కట్టి, రెంటికీ రెండంగుళాల మేర తొక్కతో పాటు పలచగా చెక్కి, చెక్కిన చోట్లు రెండూ ఆనించి నారతో బిగించేవాడు. "రెండూ సమానంగా చెక్కాలి అబ్బాయ్. ఒకటి ఎక్కువై ఒకటి తక్కువైతే అంటదు" అనేవాడు. ఆయన ఎప్పుడూ ఉపన్యాసం ఇవ్వలేదు. రెండోసారి చాకు నా చేతికే ఇచ్చాడు. నేను కట్టినది చూసి, "బాగుందా తాతా?" అంటే, "ఇవాళ అన్నీ బాగానే ఉంటాయిరా. రెండు నెలలు పోయాక రా, చెబుతా" అన్నాడు.

ట్యుటోరియల్ రోజు సాయంత్రం అడిగే అభిప్రాయం, కట్టిన రోజునే అంటు బాగుందా అని అడగడమే. అందుకని మూడు నెలల తర్వాత ఒక్క ప్రశ్నతో ఉత్తరం రాయడం మొదలుపెట్టాం: "ఆ రోజు నేర్చుకున్నదాన్ని దేనికైనా వాడారా?" జవాబులు తక్కువ వచ్చాయి, కానీ కళ్లు తెరిపించాయి. ఒక ఏడాది ఆ రోజున అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చిన పాఠాన్ని వాడామన్నవాళ్లు ఒక్కరూ లేరు. మధ్యరకం మార్కులు వచ్చిన ఇంకొకదాన్ని మూడు కళాశాలల్లో ల్యాబ్‌గా పెట్టుకున్నారు. తర్వాతి ఏడాది ఎవరిని పిలవాలో సగటు మార్కులు చెప్పలేదు, ఆ ఉత్తరాలు చెప్పాయి.

వీటన్నిటికీ ఖర్చు లేదని అనను. ఎనిమిది ట్యుటోరియల్స్ అయిదయ్యాయి. ఫీజు రాబడి తగ్గింది. సమావేశంలో మాటలు పడ్డాను. "సదస్సు అన్నాక పెద్ద పేర్లుండాలి, నువ్వు దీన్ని బడి చేస్తున్నావు" అన్నారు. ఆ మాట నాకు తిట్టులా తగల్లేదు. ఇక్కడ చదువుకున్నవాడికి ఎందుకు తగులుతుంది?

నాలుగో ఏడాది ప్రతిపాదనల్లో ఆ లెక్చరర్ గారిది ఒకటి వచ్చింది. మొదటి పేజీలో ఒక్క వాక్యం: సాయంత్రానికి వచ్చినవాళ్లు చిన్న డిజైన్ ఒకటి గీసి, తమ విద్యార్థుల చేత ఎలా చేయించాలో రాసుకున్న కాగితంతో ఇంటికి వెళతారు. రెండో పేజీ దాదాపు ఖాళీ. కమిటీలో ఇద్దరు ఒప్పుకోలేదు. అనుభవమున్న ఒకాయన్ని ఆవిడకి తోడుగా పెడతామని చెప్పి ఒప్పించాను. ఆ పూట నేను కూపన్ల దగ్గర లేను, గదిలో వెనక వరసలో ఉన్నాను. టీకి ముందు కుర్చీలు లెక్కపెట్టాను, టీ తర్వాత లెక్కపెట్టాను. ఇద్దరు తగ్గారు, ముగ్గురు కొత్తగా వచ్చారు.

ఇక్కడితో ఆపితే ఇది నా గొప్ప చెప్పుకున్నట్టవుతుంది. అసలు ఒప్పుకోవలసింది ఇప్పుడు చెబుతాను.

పోయిన ఏడాది ఇదే సంఘం తరఫున పదో తరగతి పిల్లలకి నేను గంటసేపు మాట్లాడాను. చిప్‌లు, విదేశాలు, పట్టుదల, అన్నీ చెప్పాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. కారెక్కుతుంటే ఒక అబ్బాయి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "సార్, పాలిటెక్నిక్‌లో చేరాలంటే ఏ పరీక్ష రాయాలి? నూజివీడు ట్రిపుల్ ఐటీకి కూడా అదేనా?" అన్నాడు. పాలిసెట్ పేరు చెప్పాను. నూజివీడులో పది మార్కుల మీద తీసుకుంటారని చెప్పాను. దరఖాస్తు ఎప్పుడు, ఏ కాగితాలు కావాలి అని అడిగితే నాకు తెలియలేదు. సదస్సుల్లో అందరికీ పాఠాలు చెప్పినవాడిని, నా సొంత బడిలో 140 స్లైడ్ల పెద్దమనిషినయ్యాను. వాడు కారు దాకా వచ్చాడు కాబట్టి తెలిసింది. రాకుండా ఇంటికి వెళ్లినవాళ్లు ఎంతమందో?

అందుకని సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ఏటా ఒక ఆదివారం ట్యుటోరియల్ రోజు పెడదాం. దాని పేరు అదే ఉండనిద్దాం, తప్పినవాళ్లు కూడా సిగ్గుపడకుండా రావాలి. ఉపన్యాసాలు వద్దు, దండలు వద్దు. నాలుగు గదులు, మూడేసి గంటలు. ఒక గదిలో పది తర్వాత చేరగల చోట్ల దరఖాస్తులు నిజంగా నింపిద్దాం. ఒక గదిలో మనలో లైన్‌మన్‌గా చేసినవారు ఇంటి వైరింగు, కరెంటు జాగ్రత్తలు చేయించి చూపాలి. ఒక గదిలో అంటు కట్టించాలి. ఇంకో గదిలో నీటిపారుదలలో పనిచేసినవారు వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నీటిమట్టం అంకెలు ఎలా చదవాలో నేర్పాలి. 2024 సెప్టెంబరులో కవులూరు దగ్గర బుడమేరు కాలువకి గండ్లు పడినప్పుడు ఆ అంకెల విలువేమిటో మనందరికీ తెలిసింది. డజను మంది పిల్లలకి ఒక పూర్వ విద్యార్థి పక్కన కూర్చోవాలి. బల్లకి ఒక ఎర్రచీటీ. మూడు నెలలు పోయాక ప్రతి పిల్లకీ పిల్లవాడికీ ఒక ఉత్తరం, ఒకే ప్రశ్న.

నన్ను మాత్రం చెప్పేవాడిగా పెట్టకండి. దరఖాస్తుల గదిలో ఎర్రచీటీ దగ్గరికి వెళ్లి కూర్చునే పని ఇవ్వండి. ఈ ఏడాది తేదీలు, కాగితాల జాబితా నేర్చుకునే వచ్చాను. ఆ అబ్బాయికి నేను బాకీ ఉన్నాను.

ఆ మెట్ల దగ్గర బల్ల మీద ప్రతిపాదన కాగితాలు పెట్టాను. పెద్దది కాదు, ఒక్క వాక్యానికే చోటుంది. ఉదయం వచ్చిన పిల్ల సాయంత్రానికి ఏం చేయగలగాలో మీలో ప్రతి ఒక్కరూ రాసి, ఆ తర్వాతే భోజనానికి వెళ్లండి. తర్వాత రాస్తామంటే రాయరు, మన సంగతి నాకు తెలుసు.